పాలోంగ్ నాలుగో కాలు

గోవిందయ్య నోటికి ఖాళీ ఉండదు. మాటలెక్కువ అనుకునేరు, అదేం కాదు. మనిషి ఒక మూల కూచుని తన పనేదో తాను చేసుకుపోయే రకం. కాకపోతే ఆ నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి. మేకులు లేకపోతే గుండుసూదులు, అవీ లేకపోతే మరలు. కింది పెదవి మీద వరసగా పేర్చుకుని, ఒక్కోదాన్నీ నాలుకతో ముందుకు తోసి, వేళ్ళతో అందుకుని బిగిస్తాడు. పెళ్ళయిన కొత్తలో కమలం ఏమడిగినా "ఊఁ" అనేవాడు. మొగుడికి తన మీద కోపమేమోనని ఆ మహాతల్లి కొన్నాళ్ళు కుమిలిపోయింది కూడా. నోట్లో మేకులుండి అలా అంటున్నాడని తర్వాత తెలిసింది.

ఈ అలవాటు తండ్రి నుంచి వచ్చింది. మలేసియాలో పేరాక్ అంటే తగరపు గనుల ప్రాంతం. ఆ తండ్రి అక్కడ గనుల్లో వడ్రంగి. గని అంటే భూమిలోకి దిగే సొరంగం కాదక్కడ. పెద్ద గొయ్యి, దాని పక్కన ఆకాశంలోకి ఏటవాలుగా లేచిన చెక్క కట్టడం. దాన్ని పాలోంగ్ అంటారు. గోతిలోని మట్టినీళ్ళను పంపుతో దాని నెత్తికెక్కించి వదిలితే, చెక్క కాలవలో జారుతూ మట్టి కొట్టుకుపోతుంది, బరువైన తగరం అడుగున మిగులుతుంది. అన్ని గుంజల మీద నిలబడ్డ కట్టడానికి రోజూ ఏదో ఒక గుంజ వదులవుతూనే ఉండేది. తండ్రి అంత ఎత్తున ఒక చేత్తో చెక్కా, ఇంకో చేత్తో సుత్తీ పట్టుకుని, మేకులు నోట కరుచుకునేవాడు. కింద నిలబడి మెడ నొప్పెట్టేలా చూసిన పిల్లాడికి వడ్రంగమంటే అదే అని స్థిరపడిపోయింది.

ఆ పిల్లాడే పెద్దవాడై పని వెతుక్కుంటూ దక్షిణానికి, సింగపూర్‌కి వచ్చాడు. ఓడల యార్డులో చేరి, ఓడల గదులకు అరలూ తలుపులూ బిగిస్తూ బతుకంతా గడిపాడు. అక్కడే యిషూన్‌లో ఒక ఫ్లాట్ కొనుక్కున్నాడు. ఒక్కగానొక్క కూతురు శాంతినిని చదివించాడు. ఇప్పుడా పిల్ల చాంగీ బిజినెస్ పార్క్‌లో ఏదో బ్యాంకు ఆఫీసులో పెద్ద ఉద్యోగంలోనే ఉంది. అల్లుడు సురేన్ నెలలో సగం రోజులు విమానాల్లోనే ఉంటాడు. వాళ్ళకో మూడేళ్ళ కూతురు, పునీత. పగలు చైల్డ్‌కేర్‌లో, సాయంత్రం తాత ఒళ్ళో. రిటైరైన గోవిందయ్యకు ఆ సాయంత్రాలే ప్రాణం. అవి లేకపోతే తానేమైపోతాడో ఆయన ఊహించుకోడానిక్కూడా ఇష్టపడడు.

అల్లుడు ఒకసారి జపాన్ నుంచి అరచేతిలో పట్టే రైలింజినూ, నాలుగు పెట్టెలూ, కాసిన్ని పట్టాలూ తెచ్చిచ్చాడు. పాపకని తెచ్చింది తాత చేతిలో పడింది. పాత తలుపు చెక్కొకటి బల్ల మీద పరిచి, దాని మీద పట్టాలు గుండ్రంగా బిగించాడు. రెండ్రోజులు తిప్పాక ఆయనకో దిగులు పట్టుకుంది. ఈ బండి ఎక్కడికెళ్తోంది? ఊరికే చుట్టూ తిరిగితే ఎలా? గనికెళ్ళాలి కదా!

అంతే, హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో సాతే, అంటే పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం, అమ్మే ముసలాయన్ని బతిమాలి వెదురు పుల్లలు కట్టలు కట్టలుగా తెచ్చుకున్నాడు.

"ఈ వయసులో పుల్లలేరుకునే పనేటయ్యా నీకు?" అంది కమలం.

"ఊఁ" అన్నాడు గోవిందయ్య.

పాలోంగ్ దివ్యంగా తయారైంది. తీరా చెక్క మీద పెట్టబోతే పట్టలేదు! అంత చిన్న చెక్క మీద, గుండ్రటి పట్టాల మధ్య, ఆ కాళ్ళన్నీ ఎక్కడ దించాలి? ఒక కాలు సరిగ్గా మలుపులో పట్టాల మీదికొచ్చింది. దాన్ని కోసి పక్కకి జరిపితే ఇంజిను నెత్తి అడ్డుకర్రకి తగిలింది. అడ్డుకర్ర పైకెత్తితే కాలవ వాలు పోయింది. వాలు లేకపోతే నీళ్ళు జారవు, జారకపోతే అది గనే కాదు. ఇంట్లో నీళ్ళెవరు పోస్తారయ్యా అంటే వినడు. చివరికి కాళ్ళన్నీ విప్పి, నాలుగు మూలల నాలుగు లావుపాటి కాళ్ళు పెట్టి, బండిని దాని కిందనుంచి పోనిచ్చాడు. అప్పుడింకో చిక్కొచ్చింది. బండి సరిగ్గా పాలోంగ్ కిందే పట్టాలు తప్పేది, అక్కడికి వేళ్ళు దూరవు. కావలసినప్పుడు ఎత్తి పక్కన పెట్టుకునేలా ఉండాలన్న మాట.

సురేనే ఉపాయం చెప్పాడు, తెప్పించీ పెట్టాడు. కందిపప్పంత అయస్కాంతపు బిళ్ళలు. కాలి అడుగున ఒకటి, చెక్కలో ఒకటి. పెడితే టక్కున అతుక్కుంటుంది, లాగితే వచ్చేస్తుంది. పొట్లం మీద పసిపిల్ల బొమ్మా, దాని మీద ఎర్రగీతా ఉన్నాయి. శాంతిని అది తీసి తండ్రికి చదివి వినిపించింది.

"నాన్నా, ఇది బాగా విను. పిల్లలు రెండు మింగితే కడుపులో ఒకదాన్నొకటి లాక్కుంటాయట. మధ్యలో పేగు నలిగిపోయి కన్నం పడతాదట. ప్రాణానికే డేంజరు."

"నేను జాగర్తగానే ఉంటాను కదమ్మా."

"నువ్వు జాగర్తగా ఉంటే చాలదు. నిన్న పునీత హెయిర్ క్లిప్పులు పెదాల మీద పెట్టుకుని కూచుంది. ఏటే అంటే 'తాతా లైక్ దిస్' అంది. అది నిన్నే చూసి నేర్చుకుంటాది. ఇకమీద నీ నోట్లో ఏదైనా కనిపించిందో, పాపని సరిహద్దు దాటించి జోహోర్‌లో మా అత్తగారి దగ్గర వదిలేస్తాను. ఒట్టు."

గోవిందయ్య గుండె జారిపోయింది. అప్పటికప్పుడు మాటిచ్చాడు. ఆ రోజు నుంచి చిన్న సామానంతా మైలో డబ్బా మూతలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు మూత అందేది కాదు, విసుక్కునేవాడు, అయినా మాట మాటే.

ఇంతలో చైల్డ్‌కేర్‌లో ఎవరో పిల్లలకి నోట్లో, చేతుల మీద పొక్కులొచ్చాయని వారం పాటు మూసేశారు. పునీత పొద్దుటి నుంచే తాత దగ్గర చేరింది. ఒకరోజు కమలం కూరలకీ కరివేపాకుకీ లిటిల్ ఇండియా వెళ్ళింది. ఇంట్లో తాతా మనవరాలూ ఇద్దరే. పునీత బల్ల కింద దూరి మైలో డబ్బా వాయించుకుంటోంది. తాత పైన పాలోంగ్ నిలబెడుతున్నాడు.

మూడు కాళ్ళు టక్, టక్, టక్‌మని కూచున్నాయి. నాలుగోది మొండికేసింది. దగ్గరికి తెస్తే చాలు, ఎవరో కిందనుంచి తోసినట్టు పైకి లేస్తోంది. బిళ్ళ తిరగేసి అతికించాడన్న మాట. నాలుక కరుచుకుని, సన్నటి ఉలితో కాలి బిళ్ళనీ చెక్కలో బిళ్ళనీ రెంటినీ ఊడబెరికాడు. ఎడం చేత్తో పాలోంగ్ ఒరగబెట్టి పట్టుకుని, కుడిచేత్తో గుంటలో పాత జిగురు గీకుతున్నాడు.

ఠంగుమని డోర్‌బెల్ మోగింది. బల్ల కింద నుంచి పునీత "డింగ్ డాంగ్!" అని కెవ్వున అరిచింది. గోవిందయ్య ఉలిక్కిపడ్డాడు. పొలమారింది. కళ్ళలో నీళ్ళొచ్చేలా దగ్గి, రొమ్ము తట్టుకుని, పక్కనున్న గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగి తలుపు తీశాడు. ఏదో పార్శిలు. తీసుకుని వచ్చి మళ్ళీ పనిలో కూచున్నాడు.

మైలో మూత చూశాడు. ఖాళీ.

బల్ల మీద చూశాడు. పట్టాల మధ్య చూశాడు. పాలోంగ్ ఎత్తి కాళ్ళ అడుగున చూశాడు. మూడు కాళ్ళకి మూడు, చెక్కలో మూడు. ఊడబెరికిన రెండూ లేవు. కిందికి వంగి చూశాడు.

పునీత బాసిపట్టు వేసుకుని కూచుంది. పెదాలు రెండూ బిగించి, కింది పెదవి కాస్త ముందుకు పెట్టి, అచ్చం తాతలాగే.

"పునీతా, నోట్లో ఏటున్నాదమ్మా?"

పిల్ల గుటుక్కున మింగింది. ఖళ్ళు ఖళ్ళుమని దగ్గింది. రొమ్ము తట్టుకుంది. నోరు బార్లా తెరిచి, రెండు చేతులూ విప్పి చూపించి నవ్వింది.

"ఆల్ గాన్, తాతా!"

గోవిందయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లని బయటికి లాగి, నోరు తెరిపించి, వేలు పెట్టి నాలుక కింద, బుగ్గల్లో, పళ్ళ వెనక వెతికాడు. ఆ పిల్ల ఏడుపందుకుంది. నోట్లో ఏమీ లేదు.

"ఏం తిన్నావమ్మా? తాతవి తిన్నావా? మెరిసేవి? చెప్పు తల్లీ!"

ఏడుస్తూ తల ఊపింది. అది అవుననో, వదలమనో ఆయనకి అర్థం కాలేదు.

నేల మీద ఉన్నాయేమో, ఉండాలి, ఉండకపోతే ఎలా! రంపం తీసి దాని ఇనప రేకుని నేలంతా పాకించాడు. బల్ల కింద, మంచం కింద, పార్శిలు కింద. ఎప్పుడో పడిపోయిన గుండుసూదులు కూడా మూల మూలల్లోంచి కనిపించాయి గానీ, రేకుకి వచ్చి అంటుకోవాల్సినవి అంటుకోలేదు. పునీత డబ్బా చుట్టూ పాకించాడు. పునీత గౌను అంచున పాకించాడు.

ఫోన్ చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. శాంతినికి చెప్పాలి. చెబితే పునీత ఇక ఈ గడప తొక్కదు. ఇంకొక్కసారి వెతికితే? ఇంకొక్క మూల చూస్తే? అలా ఒకటి రెండు క్షణాలు నిలబడే ఉన్నాడు. ఆ క్షణాల్లో లోపల ఆ బిళ్ళలు ఒకదాని వైపొకటి కదులుతున్నాయన్న సంగతి తట్టి, ఛీ నా బతుకు అనుకుని కూతురికి ఫోన్ చేశాడు.

చెప్పాడు. అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"శాంతినీ..."

"ఏమీ తినిపించకు నాన్నా. నీళ్ళు కూడా వద్దు. టాక్సీ పట్టుకుని పిల్లల హాస్పిటల్ ఎమర్జెన్సీకి వచ్చెయ్. నేను బయల్దేరాను." అంతే. తిట్టలేదు. ఒక్కమాటా అనలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

టాక్సీలో పునీతకి ఏడుపు పోయి హుషారొచ్చింది. కిటికీలోంచి బస్సుల్ని లెక్కపెడుతోంది. గోవిందయ్య పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి, తీసేసి, మళ్ళీ వేసి, నొక్కితే ఏమవుతుందోనని మళ్ళీ తీసేశాడు. చెవి ఆనించి విన్నాడు. కితకితలు పుట్టి ఆ పిల్ల పకపకా నవ్వింది.

"నొప్పి ఉన్నాదా తల్లీ? ఎక్కడ నొప్పి?"

"హియర్." నిన్న పడి గీరుకున్న మోకాలు చూపించింది.

డ్రైవరు చైనా ముసలాయన అద్దంలోంచి చూసి "బేబీ సిక్ ఆ, అంకుల్?" అన్నాడు. గోవిందయ్య పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. డ్రైవరు మరేమీ అడగకుండా బండి వేగం పెంచాడు. ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా గోవిందయ్య ప్రాణం కొట్టుకుపోయింది. దేవుడా, ఈ బుడ్డ పేగులు ఎంతుంటాయి, వేలంత లావైనా ఉంటాయా! గనీ వద్దు, బండీ వద్దు, ఇంటికెళ్ళి అన్నీ చెత్తకుండీలో పోస్తాను, పిల్ల దక్కితే చాలు, అని ఎన్ని మొక్కులు మొక్కాడో ఆయనకే తెలీదు.

ఆసుపత్రి గుమ్మంలో శాంతిని నిలబడి ఉంది. పిల్లని అందుకుని లోపలికి పరిగెత్తింది. తండ్రి వైపు చూడలేదు. ఎక్స్‌రే తీస్తుండగా గోవిందయ్య గోడవారగా నిలబడిపోయాడు. కమలం కూరల సంచీతోనే వచ్చేసింది. మొగుడి మొహం చూసి ఏమీ అడక్కుండా పక్కన నిలబడింది. సంచీలోంచి కరివేపాకు వాసన వస్తోంది.

"మాటిచ్చాను కమలం," అన్నాడు. "మూతలోనే పెట్టాను. నోట్లో పెట్టుకోలేదు. అయినా..."

"ఊరుకో," అంది కమలం.

తలుపు తెరుచుకుంది. కుర్ర డాక్టరమ్మ, కాంతి తెర మీద పునీత లోపలి బొమ్మ. గొంతు, ఛాతీ, పొట్ట. తెల్లటి సన్నటి ఎముకలు. ఆమె వేలితో పైనుంచి కిందిదాకా చూపించి, ఎక్కడా ఏమీ లేదు అంది. లోహం ఉంటే తెల్లటి చుక్కలా మెరిసేదట. రెండుసార్లు చూశారట. పిల్ల ఏమీ మింగలేదు.

గోవిందయ్య కూచుండిపోయాడు. కుర్చీ ఉందో లేదో కూడా చూసుకోలేదు, అదృష్టం కొద్దీ ఉంది. ప్రాణం లేచొచ్చింది. శాంతిని పిల్ల మెడలో మొహం దాచుకుని అప్పటికి ఏడ్చింది.

"మరి అవెక్కడున్నాయి?" అంది కమలం.

ఎవరికీ తెలీదు. ఇంతలో నర్సు పునీతకి ఒక స్టిక్కర్ ఇచ్చి, ఏం తిన్నావు బేబీ అని ముద్దుగా అడిగింది. పునీతకి ఆట గుర్తొచ్చింది. పెదాలు బిగించి, కింది పెదవి ముందుకు పెట్టింది. ఎడం చేత్తో ఏదో ఎత్తి పట్టుకున్నట్టు, కుడిచేత్తో గీకుతున్నట్టు నటించింది. "డింగ్ డాంగ్!" అంది. ఉలిక్కిపడింది. గుటుక్కున మింగి, ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి, రొమ్ము తట్టుకుని, లేని గ్లాసెత్తి గటగటా తాగింది. నోరు బార్లా తెరిచింది.

"ఆల్ గాన్!" అని, ఆ బుల్లి వేలు గోవిందయ్య వైపు చాపింది. "తాతా!"

అందరూ ఆ వేలు చూపిన వైపు తిరిగారు.

గోవిందయ్య చెయ్యి తనంతట తానే పెదాల దగ్గరికి వెళ్ళింది. ఎడం చేత్తో పాలోంగ్, కుడిచేతిలో ఉలి. రెండు చేతులూ ఖాళీ లేవు. మూత అందదు. మూతలో పెట్టానని ఆయన నమ్మకం. పెట్టిన చెయ్యి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. గుర్తొస్తున్నదల్లా కింది పెదవి మీద చల్లగా తగిలిన ఇనుము.

"నాన్నా!" అంది శాంతిని. ఆ పిలుపుకి కమలం చేతిలో సంచీ కింద పడింది.

అక్కణ్ణుంచి పెద్దవాళ్ళ ఆసుపత్రికి. ఈసారి టాక్సీలో శాంతిని చెయ్యి తండ్రి పొట్ట మీద ఉంది. వేసి, తీసేసి, మళ్ళీ వేసింది. నొప్పి ఉన్నాదా, ఇక్కడా, ఇక్కడా అని అడుగుతూనే ఉంది. గోవిందయ్య లేదు లేదు అంటూనే ఉన్నాడు. ఆయనకిప్పుడు భయం లేదని కాదు. ఉంది. కానీ పొద్దుటి భయం ముందు అదొక లెక్కా?

తెర మీద బొమ్మ పడింది. గోవిందయ్య పొట్టలో రెండు తెల్లటి బిళ్ళలు, ఒకదానికొకటి అతుక్కుని, నిలువునా మెరుస్తున్నాయి. చూసి ఆయన నవ్వాడు. డాక్టరు బిత్తరపోయాడు.

"నాకే ఉన్నాయి," అన్నాడు కూతురితో. "చూడు, నాకే ఉన్నాయమ్మా! పాపకి లేవు." అని నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు.

కలిసే ఉన్నాయి గనక నయమన్నారు. విడివిడిగా పేగుల్లోకి జారితే ప్రమాదమని, ఆలస్యం చెయ్యకుండా నోట్లోంచి గొట్టం దించి తీసేశారు. ఆ గొట్టం లోపలికెళ్తున్నంతసేపూ శాంతిని తలుపు బయట గోళ్ళు కొరుకుతూ నిలబడింది. మత్తు దిగి ఆయన కళ్ళు తెరిచేసరికి కూతురు మంచం పట్టె మీద కూచుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నోరు తెరు," అంది.

"ఏటమ్మా?"

"తెరు నాన్నా. ఇంకేమైనా ఉన్నాయేమో చూడనీ."

గోవిందయ్య బుద్ధిగా నోరు తెరిచాడు. ఆమె నిజంగానే ఫోన్ లైటు వేసి, నాలుక కింద, బుగ్గల్లో, పళ్ళ వెనక చూసింది. చూసి లైటు ఆర్పి, ఆయన భుజం మీద తల ఆనించింది.

ఆయన ఇక ఆగలేకపోయాడు. "పాపని జోహోర్ పంపేస్తావా?"

శాంతిని దుప్పటి ఆయన మెడ దాకా లాగింది.

"మాటిచ్చాను. తప్పాలని తప్పలేదమ్మా. నాకు తెలీనే లేదు. రెండు చేతులూ ఖాళీ లేకపోతే అవి వాటంతటవే నోట్లోకి పోతాయి. మా నాన్నకి అంత ఎత్తున ఇంకెవరున్నారు అందించడానికి? అలాగ అలవాటైపోయింది."

ఆమె తల ఎత్తలేదు. "పడుకో" అంది. ఆయనకి నిద్ర పట్టలేదు. జోహోర్, జోహోర్ అని చెవుల్లో మోగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక రెండ్రోజులు ఎవరూ రాలేదు. గోవిందయ్య రైలు గదిలోకి పోలేదు. చెత్తకుండీలో పోస్తానని మొక్కాడు గనక సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మనసొప్పక వెనక్కొచ్చాడు. కమలం వండి పెట్టింది తినలేకపోయాడు. తలుపు దగ్గర అలికిడైతే చాలు, లేచి వెళ్ళి చూసేవాడు.

శనివారం పొద్దున బెల్ మోగింది. తలుపు తీస్తే పునీత తాత కాళ్ళకి చుట్టుకుంది. వెనకే శాంతిని. ఆమె తిన్నగా రైలు గదిలోకెళ్ళి, పాలోంగ్‌కి అతికించిన బిళ్ళలన్నీ తానే ఊడబెరికి, పొట్లంలో మిగిలినవాటితో కలిపి బ్యాగులో వేసేసుకుంది. పాలోంగ్ ఒక పక్కకి ఒరిగిపోయింది.

"ఇప్పుడు దీన్నెలా నిలబెడతావు?" అంది.

"మరలతో బిగించొచ్చు," అన్నాడు గోవిందయ్య మెల్లగా. "పైనుంచి విప్పుకునేలాగ. కానీ..."

"కానీ ఏటి?"

"రెండు చేతులూ కావాలి."

శాంతిని పునీతని కమలం దగ్గరికి పంపి, తలుపు దగ్గరగా వేసింది. మరలన్నీ అరచేతిలో పోసుకుని, తండ్రి పక్కన నేల మీద కూచుని చెయ్యి చాపింది.

"శనివారాలు నేనొస్తాను," అంది. "నేను లేనప్పుడు ఇది ముట్టుకోకు. మండే నుంచి పాప ఎప్పట్లాగే ఇక్కడికొస్తాది."

గోవిందయ్య తల ఊపాడు. "ఊఁ" అన్నాడు. శాంతిని గబుక్కున తలెత్తి ఆయన మూతి వంక చూసింది. ఖాళీగానే ఉంది, కాస్త వణుకుతోంది.

ఎడం చేత్తో పాలోంగ్ నిలబెట్టాడు. కుడిచేత్తో స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. నాలుగో కాలు గుంటలో సరిగ్గా కూచుంది. మర కోసం ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పెదాల దాకా వెళ్ళి, అక్కడేమీ దొరక్క, కూతురి అరచేతిలోకి దిగింది.